వాకిట్లో చెట్టు – ఊళ్లో నీడ



మన ఇంటి ముందు వాకిలి ఉంది. ఇంటి వెనక పెరడు ఉంది. అది మన జాగ.

గడప దాటితే బాట ఉంది. బడి ఉంది. అంగన్‌వాడీ ఉంది. బస్టాండు ఉంది. చెరువు కట్ట ఉంది. అది అందరి జాగ.

ఈ రెండు జాగల్లోనూ చెట్టు కావాలి. ఎందుకు కావాలో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఎండాకాలం మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డ మనిషికి తెలుసు. పసిపిల్లను చంకన ఎత్తుకొని దవాఖానకు నడిచిన తల్లికి తెలుసు.

కాని మూడు సంగతులు తెలుసుకోవాలి. ఏ చెట్టు ఎక్కడ పెట్టాలి? దాన్ని బతికించే నీళ్లు ఎక్కడివి? చట్టం ఏం చెబుతుంది? ఈ పాఠంలో ఆ మూడూ చదువుదాం.

1. నాటినవి ఎన్ని? బతికినవి ఎన్ని?

మొక్కలు నాటే పండుగ మనకు కొత్త కాదు. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలు పెట్టారు. తెలంగాణ వచ్చిన తరువాత 2015 జులైలో హరితహారం మొదలైంది. 2019లో పల్లె ప్రగతి వచ్చింది. ఊరూరా నర్సరీ పెట్టారు. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు వేశారు. ఉపాధి హామీ పనుల కింద గుంతలు తీయించారు, నీళ్లు పోయించారు. 2024లో మళ్లీ వనమహోత్సవం పేరుతోనే మొక్కలు నాటారు.

పేర్లు మారాయి. మొక్క మాత్రం మారలేదు. దానికి వానాకాలం ఒక కష్టం, ఎండాకాలం ఒక కష్టం. వానాకాలంలో మేక తింటుంది. ఎండాకాలంలో నీళ్లు లేక ఎండుతుంది.

ఏ ఊరి సంఘం మీటింగులోనైనా ఇట్లాంటి మాటలు వినబడతాయి.

"మొక్కలిస్తరు. ఫొటో దిగుతరు. పోతరు. మార్చి నెలల నీళ్లు పోసేది ఎవలు? మనమే. ఇంట్లకు నీళ్లు మోసేది మనమే. చెట్లకు మోసేది గూడ మనమేనా?" అంటుంది ఒక అత్త.

"నువ్వన్నది నిజమే అత్తా" అంటుంది సంఘం లీడరు. "ఒక్కదానివే మోస్తే బరువే. లెక్క జూద్దాం. మన గల్లీల 30 మొక్కలున్నయి. 10 ఇండ్లున్నయి. ఇంటికి 3 మొక్కలు. ఒక్కో మొక్కకు వారానికి 2 బిందెలు. అంటే ఇంటికి వారానికి 6 బిందెలు. రోజుకు ఒక్క బిందె గూడ కాదు."

"మరి మొగోళ్లు?" అని అడుగుతుంది ఒక కోడలు.

"మొగోళ్లు గుంతలు తియ్యాలె. కంప కొట్టుకొచ్చి చుట్టూ పెట్టాలె."

"గంతేనా? వాళ్లు గూడ బిందె ఎత్తాలె వదినా. మోసేది ఆడోళ్లా మొగోళ్లా అని బిందెకు తెలుస్తదా?"

అందరూ నవ్వుతారు. కాని కోడలు అడిగింది మంచి మాట. చెట్టు నీడ అందరిది. దాన్ని పెంచే పని కూడా అందరిదీ కావాలి.

2. ఏ చెట్టు ఎక్కడ?

చెట్టు మంచిదే. కాని తగని చోట పెడితే చిక్కు తెస్తుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడే పదేళ్ల తరువాత అది ఎంత అవుతుందో ఆలోచించాలి. పైకి చూడాలి, కిందికి చూడాలి. పైన కరెంటు తీగ ఉందా? కింద నల్లా పైపు ఉందా? పక్కన గోడ ఉందా? ఇవి చూసి గుంత తీయాలి.

ఇంటి పెరట్లో: మునగ, కరివేపాకు, జామ, నిమ్మ, బొప్పాయి. ఇవి పెద్ద జాగ అడగవు. ఇంటికి కూర ఇస్తాయి, పండు ఇస్తాయి. మునగకు మొక్క కూడా కొననక్కర లేదు. మంచి కొమ్మ కొట్టి నాటితే చిగురు వేస్తుంది. స్నానం చేసే చోట నీళ్లు పారే దగ్గర అరటి పెట్టండి.

వాకిట్లో: జాగ ఉంటే ఒక వేప. గోడకు 15 అడుగుల దూరం ఉంచండి. జాగ లేకపోతే మందారం, గోరింట చాలు.

కరెంటు తీగల కింద: ఎత్తు పెరగనివే పెట్టాలి. మందారం, గోరింట, తంగేడు, సీతాఫలం. తీగల కింద పెద్ద చెట్టు పెడితే ఏటా దాని తల నరుకుతారు. అది చెట్టుగా మిగలదు, నీడ ఇవ్వదు.

బాట పక్కన: వేప, కానుగ, చింత, నేరేడు. కానుగకు నీడ ఎక్కువ. ఆకు పొలానికి ఎరువు అవుతుంది. గింజ నుంచి నూనె వస్తుంది. పశువులు దాన్ని అంతగా ముట్టవు. చింత మెల్లగా పెరుగుతుంది, కాని తరాలు నిలుస్తుంది.

బడిలో, అంగన్‌వాడీలో: నీడ చెట్లు, పండ్ల చెట్లు. ముళ్ల చెట్లు వద్దు. గన్నేరు వద్దు. గన్నేరు ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

చెరువు కట్ట దిగువన, ఊరి బంజరులో: మర్రి, రావి, మోదుగ, ఈత. మర్రికి, రావికి పెద్ద జాగ కావాలి. అవి ఇంటి గోడకు, బావి గోడకు దగ్గరగా ఉండకూడదు.

ఊరి బంజరులో తంగేడు, గునుగు వాటంతట అవే పెరుగుతాయి. వాటిని పిచ్చిమొక్కలని దున్నించకండి. బతుకమ్మ పేర్చేది ఆ పూలతోనే కదా. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. నీళ్లు పోయనక్కర లేదు. వరుసగా పెంచితే కంచె అవుతుంది. బంజరు పోతే ఆ పూలు కూడా పోతాయి. అప్పుడు బతుకమ్మ పూలు అంగట్లో కొనాలి.

కొన్నేళ్లు చాలా ఊళ్లలో, పట్నాల్లో కోనోకార్పస్ అనే మొక్క నాటారు. తొందరగా పెరుగుతుందని, పచ్చగా ఉంటుందని నాటారు. అది మన నేల చెట్టు కాదు. దాని వేళ్లు నీళ్ల పైపుల్లోకి, మోరీల్లోకి పోతాయి. పశువుకు మేత కాదు, మనిషికి పండు లేదు. తరువాత నర్సరీల్లో దాన్ని పెంచవద్దని ప్రభుత్వమే చెప్పింది. అందుకే నర్సరీకి పోయినప్పుడు "ఏదో ఒకటి ఇయ్యి" అనకండి. పేరు అడిగి తీసుకోండి.

3. నాగన్న బావి చెప్పే మాట

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బాట మీద లింగంపేట ఉంది. ఇది మండల కేంద్రం. ముందు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉంది.

లింగంపేటలో ఒక పాత మెట్ల బావి ఉంది. దాన్ని నాగన్న బావి అంటారు. రాళ్లతో కట్టిన బావి. నీటి దాకా మెట్లు దిగి పోవచ్చు. ఇంటికి బోర్లు, నల్లాలు వచ్చిన తరువాత ఇట్లాంటి బావులను జనం మరిచారు. వాడని బావిలో చెత్త పడుతుంది. పూడిక నిండుతుంది. పక్షులు రావి పండు తిని గోడ మీద వాలుతాయి. గింజ రాళ్ల సందులో పడుతుంది. మొలక వస్తుంది. మొలక వేరు దారమంత సన్నగా ఉంటుంది. అది లావై రాయిని పక్కకు నెడుతుంది. కొన్నేళ్లకు గోడ కూలుతుంది.

నాగన్న బావిని కూడా చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇటీవలి సంవత్సరాల్లో దాన్ని శుభ్రం చేసి బాగుచేశారు. ఇప్పుడు దూరం నుంచి కూడా జనం చూడడానికి వస్తున్నారు.

ఈ బావి మనకు రెండు మాటలు చెబుతుంది.

ఒకటి: ఊరి జాగను వాడుకుంటేనే అది బాగుంటుంది. వదిలేస్తే చెత్తకుప్ప అవుతుంది, లేదా ఎవరో ఒకరు ఆక్రమిస్తారు.

రెండు: రావి మంచి చెట్టే. కాని గోడలో మొలిస్తే గోడకు చేటు. దాన్ని మొలకగా ఉన్నప్పుడే తీసి, జాగ ఉన్న చోట నాటుకోవాలి.

4. మొక్క నాటే తీరు

వాన పడి నేల తడిసిన తరువాత నాటాలి. గుంత మాత్రం ముందే తీసి పెట్టాలి. ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు, ఒక మూర లోతు. మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. కొలబద్ద అక్కర లేదు. మన చేయే కొలబద్ద.

పైమట్టిలో మాగిన పెంట ఎరువు కలపండి. పచ్చి పెంట వేయకండి. దాని వేడికి వేరు కాలుతుంది, చెదలు కూడా వస్తాయి.

మొక్క ఉన్న ప్లాస్టిక్ సంచిని చింపి తీసేయండి. మట్టి ముద్ద విడిపోకుండా చూడండి. సంచితో సహా పెడితే వేరు సాగదు. ఏడాది బతికినట్టే ఉంటుంది, తరువాత చస్తుంది.

మొక్కకు ఒక కట్టె ఊతం పెట్టండి. చుట్టూ తుమ్మ కంప పెట్టండి. మొదట్లో ఎండు ఆకు, ఎండు గడ్డి పరచండి. అది తడిని కాపాడుతుంది. కుళ్లి ఎరువు అవుతుంది. ఊడ్చిన ఆకును చెట్టు మొదట్లో కాల్చే అలవాటు కొందరికి ఉంది. అది మానాలి. ఆ సెగకు చెట్టు బెరడు చస్తుంది.

సీసీ రోడ్డు వేసేటప్పుడు చెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తారు. అప్పుడు అడ్డం చెప్పండి. చెట్టు చుట్టూ 3 అడుగుల మట్టి వదలాలని అడగండి. నీళ్లు దిగకపోతే చెట్టు ఎట్లా బతుకుతుంది? చెట్టుకు మేకులు కొట్టి బోర్డులు పెట్టడం కూడా వద్దు.

5. నీళ్లు ఎక్కడివి?

మన ప్రాంతంలో ఎండాకాలం బోర్లు వట్టిపోతాయి. తాగడానికే కటకట అయినప్పుడు చెట్టుకు మంచినీళ్లు పోయమని ఎవరూ చెప్పరు. కాని ఇంట్లో వాడి పారబోసే నీళ్లు ఉన్నాయి.

బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఏ మొక్కకైనా మంచివే. స్నానం నీళ్లు అరటికి, పెద్ద చెట్లకు పోయవచ్చు. బట్టల సబ్బు నీళ్లు రోజూ ఒకే మొక్కకు పోయకండి. ఆకుకూరల మడికి అసలే పోయకండి.

పాత కుండ ఉంటే పారేయకండి. అడుగున చిన్న బెజ్జం చేసి గుడ్డ పీలిక దూర్చండి. మొక్క పక్కన మెడ దాకా పాతండి. నింపి మూత పెట్టండి. నీరు బొట్టుబొట్టుగా వేరుకు అందుతుంది. నీళ్లు మోసే పని తగ్గుతుంది.

మిగిలిన నీళ్లు బాట మీద పారితే దోమలు. దానికి ఇంకుడు గుంత తీయాలి. 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో చిన్న రాళ్లు, పైన ఇసుక. తాగునీటి బావికి, బోరుకు దూరంగా తీయాలి.

ఇక వాన నీళ్ల లెక్క చూద్దాం. మన ఇంటి కప్పు 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు అనుకుందాం. దాని మీద 1 సెంటీమీటరు వాన పడితే సుమారు 460 లీటర్ల నీళ్లు వస్తాయి. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 30 బిందెలు! ఒక్క చిన్న వానకే ఇన్ని బిందెలు మన చూరు నుంచి కారిపోతున్నాయి.

2025 ఆగస్టు ఆఖరు వారం మన జిల్లా ఎవరూ మరిచిపోరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి కాలనీల్లో నీళ్లు నిలిచాయి. వాగులు పొంగాయి. పోచారం ప్రాజెక్టు పొంగిపొర్లింది. అంత వానను ఏ చెట్టూ, ఏ గుంతా పూర్తిగా ఆపలేదు. అది నిజం. కాని ఒక మాట ఆలోచించండి. వాకిలి అంతా సిమెంటు, బాట అంతా సిమెంటు, మోరి నిండా చెత్త, వాగు ఒడ్డు మీద ఇండ్లు. అప్పుడు మామూలు వాన కూడా వరద అవుతుంది. మట్టి ఉన్నచోట, వేరు ఉన్నచోట నీరు కొంత ఇంకుతుంది. ఉరికే నీరు నడక నేర్చుకుంటుంది. ఆ ఇంకిన నీరే ఎండాకాలం బోరులో వస్తుంది.

అందుకే వాకిలి మొత్తం సిమెంటు చేయించకండి. కొంత మట్టి ఉంచండి.

6. చట్టం ఏం చెబుతుంది?

2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్ని వాల్టా చట్టం అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం ఇది. దాని ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటాలి. కొత్త కాలనీలు, ఆఫీసులు, కార్ఖానాలు కట్టేవాళ్లు చెట్లు పెంచే నియమాలు పాటించాలి. వాన నీరు భూమిలో ఇంకే ఏర్పాటు చేయాలి. సర్కారు జాగకూ, సొంత జాగకూ ఇది వర్తిస్తుంది.

2018లో తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. నాటిన మొక్కల్లో 100కు 85 బతకాలని ఆ చట్టం చెప్పింది. ఆ బాధ్యత సర్పంచిది, పంచాయతీ కార్యదర్శిది. గ్రామసభ 2 నెలలకు ఒకసారి జరగాలని కూడా చెప్పింది. పంచాయతీలో స్థాయీ సంఘాలు ఉంటాయి. వాటిలో ఒకటి మొక్కల పెంపకం కోసం. ఈ సంఘాల్లో మహిళలకు చోటు ఉంది. ఆ చోటులో మనం కూర్చోవాలి.

మరో ముఖ్యమైన మాట. పట్నాల దగ్గర పొలాలు ప్లాట్లు అవుతున్నాయి. ప్లాట్లు చేసే వ్యాపారి మొత్తం భూమిలో 100కు 10 వంతులు ఖాళీ జాగ వదలాలి. అది పంచాయతీకి రాసివ్వాలి. పిల్లల ఆటకు, చెట్లకు ఆ జాగ. ఎకరానికి 4,840 గజాలు. అందులో 10 వంతులంటే 484 గజాలు. ఆ జాగను ఎవరికీ అమ్మరాదు. కాని ఊరు కండ్లు మూసుకుంటే అది కూడా ప్లాటు అవుతుంది. "ఆ ఖాళీ జాగ ఎక్కడుంది? పంచాయతీ పేర రాసిచ్చిండ్రా? కాగితం చూపించండి" అని గ్రామసభలో అడగండి. మీరిప్పుడు చదవగలరు. కాగితం మీరే చదవండి.

7. చెట్లను బిడ్డలుగా పెంచినవాళ్లు

కర్ణాటకలో తిమ్మక్క అనే అమ్మ ఉండేది. బడికి పోలేదు. కూలి పని చేసింది. ఆమెకు పిల్లలు లేరు. ఆమె, ఆమె భర్త చిక్కయ్య కలిసి హులికల్ నుంచి కుదూరు పోయే బాట వెంట మర్రి మొక్కలు నాటారు. బిందెలతో నీళ్లు మోసి పోశారు. పశువులు తినకుండా కంప కట్టారు. అట్లా 385 మర్రి చెట్లు నిలిచాయి. చెట్ల వరుసను కన్నడంలో సాలుమర అంటారు. అందుకే ఆమెను సాలుమరద తిమ్మక్క అన్నారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. వందేళ్లు దాటి బతికి, 2025 నవంబరులో ఆమె కన్నుమూసింది. ఆమె పెంచిన చెట్లు బాట మీద నీడ ఇస్తూనే ఉన్నాయి.

మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య ఉండేవారు. ఆయనను వనజీవి రామయ్య అంటారు. జేబులో గింజలు, సైకిల్ మీద మొక్కలు. ఖాళీ జాగ కనబడితే నాటేవారు. భార్య జానమ్మ కూడా ఆ పనిలో తోడున్నది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో చనిపోయారు.

వీళ్లు ధనవంతులు కారు. వీళ్ల దగ్గర ఉన్నది ఒకటే. నాటిన మొక్కను మళ్లీ మళ్లీ పోయి చూసుకున్నారు.

చేద్దాం

ఈ వారం సంఘం అక్కలంతా కలిసి గల్లీ తిరగండి. ఒక నోటుపుస్తకంలో గీతలు కొట్టి నాలుగు వరుసలు చేయండి. చెట్టు పేరు, ఎక్కడ ఉంది, ఎట్లా ఉంది, నీళ్లు పోసేది ఎవరు. ఒక్కో చెట్టుకు ఒక్కో గీత. చివరి వరుస ఖాళీగా ఉన్న మొక్కకు ఒక ఇంటి పేరు రాయండి. ఆ పుస్తకం తీసుకొని గ్రామసభకు పోండి.

లెక్క చేద్దాం

1. ఊళ్లో 200 మొక్కలు నాటారు. 100కు 85 బతకాలి. అంటే ఎన్ని బతకాలి? 120 మాత్రమే బతికితే ఎన్ని తక్కువ?

2. 3 ఎకరాల భూమిని ప్లాట్లు చేశారు. 100కు 10 వంతుల చొప్పున ఎన్ని గజాలు ఖాళీ జాగ వదలాలి?

3. ఇంటి కప్పు మీద 1 సెంటీమీటరు వానకు 30 బిందెల నీళ్లు వస్తే, 4 సెంటీమీటర్ల వానకు ఎన్ని బిందెలు?

జవాబు చెప్పండి

1. కరెంటు తీగల కింద ఏ మొక్కలు పెట్టాలి? ఎందుకు?
2. మొక్కను ప్లాస్టిక్ సంచితో సహా నాటితే ఏమవుతుంది?
3. నాగన్న బావి మనకు చెప్పే రెండు మాటలు ఏవి?
4. చెట్టు కొట్టాలంటే ముందు ఏం చేయాలి?
5. మీ ఊళ్లో నీడ లేని చోటు ఏది? అక్కడ ఏ చెట్టు పెడతారు? నీళ్లు ఎవరు పోస్తారు?

కొత్త మాటలు

బంజరు – సాగు చేయని ఊరి భూమి
పూడిక – అడుగున పేరుకున్న మట్టి
ఇంకుడు గుంత – నీరు భూమిలోకి దిగే గుంత
ఆక్రమించు – మనది కాని జాగను కలుపుకొను
స్థాయీ సంఘం – ఒక పని చూడడానికి పంచాయతీ వేసిన సంఘం
వర్తించు – ఆ నియమం కిందికి వచ్చు